సభలో తీర్మానం, వీధిలో నిబంధన: వరంగల్ నగర పాలక సంస్థ అనుభవం

వరంగల్: నగర పాలక సంస్థ సర్వసభ్య సమావేశం కొరకు సిద్ధమయ్యే ఎజెండాలో సామాన్య పౌరునికి ఆసక్తి కలిగించే విషయాలు తక్కువగానే కనిపిస్తాయి. వీధి దీపాల నిర్వహణ గడువు పొడిగింపు, చెత్త తరలించే వాహనాల మరమ్మతులు, దుకాణాల అద్దెలు, ఒక కాలనీలో సైడు కాల్వ, మరొక కాలనీలో కల్వర్టు, ఒక రహదారికి ఒక మహనీయుని పేరు. ఇలా వరుస సంఖ్యలతో అంశాలు సాగుతాయి. ఒక్కొక్క అంశాన్ని చదవడం, చర్చించడం, ఆమోదించడం లేదా వాయిదా వేయడం సభ పని.

చూడడానికి ఇది నిత్యకృత్యమే. అయినా నగరవాసి త్రాగే నీరు, నడిచే బాట, ఇంటి వెనుక సెప్టిక్ ట్యాంకు, ఆ ట్యాంకును శుభ్రం చేసే కార్మికుని ప్రాణం ఈ వరుస సంఖ్యలతోనే ముడిపడి ఉన్నాయి. మానవ మల వ్యర్థాల నిర్వహణకు ప్రత్యేక నిబంధనలు వెలువరించిన తొలి నగరంగా వరంగల్ 2016లో దేశంలో గుర్తింపు పొందింది. నగర స్థాయిలో ఒక నిబంధన ఎట్లా రూపొందుతుంది, అది వీధిలో నిలబడాలంటే సభ మళ్లీ మళ్లీ ఏమి చేయవలసి ఉంటుంది అనే ప్రశ్నలకు ఈ అనుభవంలో సమాధానం దొరుకుతుంది.

బల్దియా పూర్వాపరాలు

వరంగల్ ప్రజలు నేటికీ నగర పాలక సంస్థను 'బల్దియా' అనే పిలుస్తారు. నిజాం కాలం నాటి ఈ మాటకు తగినట్లే ఇక్కడి పురపాలనకు నూరేళ్లకు పైబడిన చరిత్ర ఉంది. 1899లో వరంగల్ పురపాలక సంఘం ఏర్పడింది. 1994లో నగర పాలక సంస్థ స్థాయిని పొందింది. 2013లో పరిసరాలలోని 42 గ్రామాలు విలీనమయ్యాయి. 2015లో మహానగర పాలక సంస్థగా రూపుదిద్దుకుంది. కాకతీయుల రాజధాని ఓరుగల్లు కోట, హనుమకొండలోని వేయి స్తంభాల గుడి, కాజీపేట రైల్వే జంక్షన్ మూడూ ఒకే పాలక సంస్థ పరిధిలోనివి. 2011 జనాభా లెక్కల ఆధారంగా విలీన గ్రామాలతో కలిపి నగర జనాభా 8 లక్షలకు పైమాటే.

విలీనం వలన హద్దులు పెరిగాయి. హద్దులతో పాటు బాధ్యతలూ పెరిగాయి. నిన్నటి వరకు గ్రామ పంచాయతీ చూసుకున్న బోరుబావి, వీధి దీపం, మురుగు కాల్వ విలీనంతో నగర సంస్థ పద్దులోకి వచ్చాయి. 2016 మార్చి ఎన్నికల నాటికి నగరంలో 58 డివిజన్లు ఉండగా, 2021 ఏప్రిల్ 30న జరిగిన ఎన్నికల నాటికి అవి 66కు చేరాయి. డివిజన్‌కు ఒక కార్పొరేటర్ చొప్పున ఎన్నికవుతారు. స్థానాలలో సగం మహిళలకు కేటాయించబడతాయి. నగర పరిధితో సంబంధం గల శాసనసభ్యులు, పార్లమెంటు సభ్యులు ఎక్స్ అఫీషియో హోదాలో సభలో పాలుపంచుకుంటారు.

అధికారానికి మూలం

నగర సభ తనకు తోచిన నిబంధన చేసుకోవడానికి వీలులేదు. దాని అధికారానికి మూలం రాజ్యాంగం, రాష్ట్ర శాసనం. 1993 జూన్ 1న అమలులోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ పట్టణ స్థానిక సంస్థలకు రాజ్యాంగ ప్రతిపత్తిని కల్పించింది. పాలకమండలి పదవీకాలాన్ని ఐదేళ్లుగా నిర్ణయించింది. 243-డబ్ల్యు అధికరణం, పన్నెండవ షెడ్యూలు కలిసి పట్టణ సంస్థలకు అప్పగించదగిన 18 విషయాలను పేర్కొన్నాయి. నీటి సరఫరా, రహదారులు, మురికివాడల అభివృద్ధి, శ్మశానవాటికలు, జనన మరణాల నమోదు, వీధి దీపాలు వాటిలో ఉన్నాయి. ప్రజారోగ్యం, పారిశుధ్యం, ఘనవ్యర్థాల నిర్వహణ ఆ జాబితాలో ఆరవ అంశం.

1994లో వచ్చిన నగర పాలక సంస్థల చట్టం ద్వారా హైదరాబాద్ నగర పాలక సంస్థ కొరకు 1955లో చేసిన చట్టంలోని నిబంధనలు వరంగల్‌కు వర్తించాయి. పాతికేళ్ల పాటు బల్దియా ఆ చట్టపు నీడలోనే నడిచింది. తెలంగాణ పురపాలక సంఘాల చట్టం 2019లో అమలులోకి రావడంతో హైదరాబాద్ మహానగరం మినహా రాష్ట్రంలోని పట్టణ సంస్థలన్నీ ఒకే చట్టం కిందికి వచ్చాయి. బడ్జెట్‌లో పది శాతం నిధులను పచ్చదనానికి కేటాయించడం, ఆస్తిపన్ను మదింపునకు యజమాని స్వీయ ధ్రువీకరణ, వార్డు కమిటీల ఏర్పాటు ఈ చట్టం తెచ్చిన ముఖ్యమైన మార్పులు.

సభ నడిచే తీరు

సర్వసభ్య సమావేశానికి మేయర్ అధ్యక్షత వహిస్తారు. కమిషనర్, ప్రజారోగ్యం, ఇంజనీరింగ్, పట్టణ ప్రణాళిక, రెవెన్యూ విభాగాల అధిపతులు హాజరవుతారు. గత సమావేశపు మినిట్స్ ధ్రువీకరణ, సంతాప తీర్మానాలు ఉంటే వాటి ఆమోదం, సభ్యుల ప్రశ్నలు, అధికారుల జవాబులు, అటుపై ఎజెండా అంశాలు అనేది సాధారణంగా కనిపించే క్రమం. తన డివిజన్‌లో కుళాయికి నీరు రావడం లేదని ఒక సభ్యుడు, కుక్కల బెడద పెరిగిందని మరొక సభ్యురాలు, వానాకాలం రాకముందే నాలాలో పూడిక తీయాలని ఇంకొకరు ప్రస్తావిస్తారు. ఈ ప్రశ్నలు నగరపు నాడి వంటివి. ఏ వీధిలో ఏ సేవ అందడం లేదో అధికారిక నివేదికల కంటే ముందుగా ఇక్కడ తెలుస్తుంది.

ఎజెండాలోని అంశాలను స్థూలంగా నాలుగు తరగతులుగా చెప్పవచ్చు. మొదటిది పనుల మంజూరు, టెండర్ల ఆమోదం. రెండవది ఆదాయానికి సంబంధించినది. అద్దెలు, రుసుములు, లీజులు ఇందులోకి వస్తాయి. మూడవది సిబ్బంది, సేవల కొనసాగింపు. నాల్గవది విధానపరమైన అంశాలు, నిబంధనలు. మొదటి మూడింటితో పోల్చితే నాల్గవ తరగతి అంశాలు అరుదుగా వస్తాయి. వచ్చినప్పుడు చర్చకు ఎక్కువ సమయం అవసరమవుతుంది.

అత్యవసర పరిస్థితిలో ముందుగానే జరిగిన పనికి సభ తరువాత ఇచ్చే ఆమోదాన్ని అనంతర ఆమోదం అంటారు. వరదలో తెగిన కట్టకు ఇసుక బస్తాలు వేయడానికి సమావేశం తేదీ కొరకు వేచి ఉండడం కుదరదు. అందువలన ఈ వెసులుబాటు అవసరం. అయితే అది అలవాటుగా మారితే సభ చేతిలో చర్చించడానికి మిగిలేది లెక్కలు మాత్రమే. సమావేశం రోజున సభ్యుల బల్లలపై ఉంచే టేబుల్ ఎజెండాకు కూడా ఇదే మాట వర్తిస్తుంది. చదువుకునే వ్యవధి లేని అంశంపై అర్థవంతమైన చర్చను ఆశించలేము.

తీర్మానం వేరు, నిబంధన వేరు

ఈ సందర్భంలో నాలుగు మాటలను వేరుచేసి చూడడం అవసరం. చట్టం శాసనసభ చేస్తుంది. చట్టం అమలుకు కావలసిన నియమాలను రాష్ట్ర ప్రభుత్వం రూపొందిస్తుంది. చట్టానికి, నియమాలకు లోబడి నగరానికి మాత్రమే వర్తించే ఉపవిధులను నగర పాలక సంస్థ చేసుకుంటుంది. వీటినే వాడుకలో బైలాలు అంటారు. తీర్మానం సభ అభిప్రాయాన్ని, నిర్ణయాన్ని తెలిపేది. ఒక కల్వర్టు మంజూరుకు తీర్మానం చాలు. పౌరునిపై బాధ్యత మోపి, ఉల్లంఘనకు జరిమానా విధించాలంటే తీర్మానం ఒక్కటే చాలదు.

1955 చట్టం ఉపవిధుల కొరకు నిర్దేశించిన క్రమం ఈ తేడాను స్పష్టం చేస్తుంది. ముసాయిదా సిద్ధం చేయాలి. దానిని ప్రజలకు తెలిసేటట్లు ప్రచురించాలి. అభ్యంతరాలు, సూచనలు స్వీకరించి పరిశీలించాలి. సభ ఆమోదించిన పిదప ప్రభుత్వ ధ్రువీకరణ పొందాలి. రాజపత్రంలో ప్రకటించాలి. ఇన్ని మెట్లు ఎందుకు అనే సందేహం కలగవచ్చు. జరిమానా చెల్లించవలసిన వ్యక్తికి ఆ నిబంధన ముందుగా తెలిసి ఉండాలి, దానిపై తన మాట చెప్పుకునే అవకాశం ఉండాలి. ఈ న్యాయసూత్రమే ఆ మెట్లన్నింటికీ ఆధారం.

2016కు ముందు నగర పరిస్థితి

మల వ్యర్థాల నిబంధనలు వెలువడే నాటికి వరంగల్‌లో నగరమంతటికీ భూగర్భ మురుగునీటి వ్యవస్థ లేదు. అత్యధిక గృహాలు సెప్టిక్ ట్యాంకులపై ఆధారపడేవి. సెప్టిక్ ట్యాంకు మలాన్ని మాయం చేయదు. ఘనపదార్థం అడుగున పేరుకుంటుంది, తేలికపాటి తెట్టు పైన నిలుస్తుంది, మధ్యనున్న నీరు బయటకు పోతుంది. ఆ నీరు ఇంకుడు గుంతలోకి వెళ్లాలి. స్థలం చాలని ఇండ్లలో అది నేరుగా వీధి కాల్వలోకి చేరుతుంది. అడుగున పేరుకున్న మడ్డిని రెండు, మూడు సంవత్సరాలకు ఒకసారి తీయించాలని ప్రజారోగ్య ఇంజనీరింగ్ ప్రమాణాలు సూచిస్తాయి. ఆచరణలో మాత్రం ట్యాంకు నిండి వాసన వచ్చే వరకు, లేదా మరుగుదొడ్డిలో నీరు వెనక్కు తన్నే వరకు ఎవరికీ అది గుర్తుకు రాదు.

గుర్తుకు వచ్చిన రోజున గోడపై రాసి ఉన్న ఫోన్ నంబరుకు పిలుపు వెళుతుంది. ట్యాంకరు వస్తుంది, మోటారుతో మడ్డిని పీల్చుకుంటుంది, డబ్బు తీసుకుని వెళ్లిపోతుంది. ఎక్కడకు వెళుతుంది అనే ప్రశ్న ఇంటి యజమాని వేయడు. నిర్దేశిత స్థలం, శుద్ధి కేంద్రం లేని నగరంలో ఆ ట్యాంకరు ఖాళీ అయ్యేది ఊరి బయట బీడులోనో, నాలాలోనో, చెరువు శిఖంలోనో మాత్రమే. ఈ స్థితి వరంగల్‌కు పరిమితమైనది కాదు. దేశంలోని వందలాది పట్టణాలలో ఇదే తీరు.

వరంగల్‌కు ఈ విషయంలో అదనపు ఆందోళన ఉంది. ధర్మసాగర్, వడ్డేపల్లి, భద్రకాళి చెరువులు నగరపు త్రాగునీటి అవసరాలు తీర్చే జలాశయాలుగా ఉపయోగపడుతూ వచ్చాయి. శ్రీరాంసాగర్ ప్రాజెక్టు కాకతీయ కాల్వ ద్వారా వచ్చే నీటిని ఇక్కడ నిల్వ చేస్తారు. కాకతీయుల కాలం నుండి గొలుసుకట్టు చెరువులకు పేరుగాంచిన నేల ఇది. ఒక చెరువు అలుగు మరొక చెరువుకు దారి అయిన చోట ఒక నాలాలో కలిసిన మలినం అక్కడితో ఆగదు.

2016 నిబంధనల సారాంశం

పరిపాలనా రంగంలో శిక్షణనిచ్చే అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజ్ ఆఫ్ ఇండియా సాంకేతిక సహకారంతో వరంగల్ మహానగర పాలక సంస్థ 2016 మార్చిలో మల వ్యర్థాల నిర్వహణ నిబంధనలను వెలువరించింది. కేంద్ర ప్రభుత్వం ఈ విషయంపై జాతీయ విధానాన్ని ప్రకటించినది 2017 ఫిబ్రవరిలో. అంటే జాతీయ విధానం కంటే దాదాపు ఏడాది ముందే ఒక నగరం తన హద్దులలో ఈ పనిని క్రమబద్ధం చేయడానికి పూనుకుంది.

నిబంధనలు ముగ్గురిపై బాధ్యత ఉంచాయి. మొదటి వ్యక్తి ఇంటి యజమాని. సెప్టిక్ ట్యాంకు నిర్దేశిత ప్రమాణాల ప్రకారం నిర్మించుకోవాలి, సకాలంలో శుభ్రం చేయించుకోవాలి. రెండవ వ్యక్తి ట్యాంకరు నిర్వాహకుడు. నగర పాలక సంస్థ నుండి లైసెన్సు పొందాలి, శిక్షణ తీసుకోవాలి, కార్మికులకు రక్షణ సామగ్రి సమకూర్చాలి, సేకరించిన వ్యర్థాన్ని నిర్దేశిత స్థలంలోనే దించాలి. వాహనం కదలికలు తెలుసుకోవడానికి జీపీఎస్ పరికరాన్ని వినియోగించే ఏర్పాటు జరిగింది. మూడవది నగర పాలక సంస్థ. లైసెన్సులు జారీ చేయడం, శిక్షణ ఇప్పించడం, శుద్ధి కేంద్రాన్ని సమకూర్చడం, ఉల్లంఘనలపై చర్య తీసుకోవడం దాని వంతు.

ట్యాంకరు నిర్వాహకులను దోషులుగా చూసి నిషేధించడం సులభమైన మార్గమే. అట్లా చేసి ఉంటే ఆ పని చీకటిలో జరిగేది. లైసెన్సు ద్వారా వారిని గుర్తించి, వృత్తికి గౌరవం, నియమం రెండూ కల్పించడం ఈ నిబంధనలలోని వివేకం.

నిబంధనలు వెలువడిన ఆ మార్చి నెలలోనే నగర పాలక సంస్థకు ఎన్నికలు జరిగి కొత్త పాలకమండలి కొలువుదీరింది. పత్రంలో ఉన్న నిబంధనను వీధికి తీసుకువెళ్లే పని దానిపై పడింది.

అమ్మవారిపేట కేంద్రం

నిర్దేశిత స్థలంలోనే వ్యర్థాన్ని దించాలని చెప్పడానికి ముందు ఆ స్థలం ఉండాలి. నగర శివార్లలోని అమ్మవారిపేటలో మల వ్యర్థాల శుద్ధి కేంద్రం ఏర్పాటైంది. నగరం రెండు పద్ధతులను చేపట్టింది. ఒకటి జియో బ్యాగుల పద్ధతి. మడ్డిని దృఢమైన ప్రత్యేక వస్త్రంతో చేసిన పెద్ద సంచులలో నింపితే నీరు సంచి రంధ్రాల గుండా వడిసిపోతుంది, ఘనపదార్థం లోపల మిగులుతుంది. రెండవది ఉష్ణ పద్ధతి. ఆరిన మడ్డిని తగినంత ప్రాణవాయువు అందని స్థితిలో అధిక ఉష్ణోగ్రతకు గురిచేస్తే రోగకారక క్రిములు నశించి, బొగ్గు వంటి బయోచార్ మిగులుతుంది. రెండు పద్ధతులలోనూ వడిసిన నీటిని విడిగా శుద్ధి చేయవలసి ఉంటుంది.

జియో బ్యాగుల కేంద్రం సామర్థ్యం రోజుకు 10 వేల లీటర్లు, ఉష్ణ పద్ధతి కేంద్రం సామర్థ్యం 15 వేల లీటర్లు. ట్యాంకరులో 5 వేల లీటర్లు పడతాయనుకుంటే రెండింటికీ కలిపి రోజుకు ఐదు ట్యాంకరులు. ఒక నగరంలో లక్ష సెప్టిక్ ట్యాంకులు ఉన్నాయని, ప్రతి ఇల్లూ మూడేళ్లకు ఒకసారి నియమం తప్పక శుభ్రం చేయించుకుంటుందని ఊహిస్తే, రోజుకు దాదాపు 90 ట్యాంకులు శుభ్రం కావాలి. ఇది ఉదాహరణకు వేసిన లెక్క మాత్రమే. అయినా ఒక విషయం స్పష్టమవుతుంది. పౌరులు నిబంధనను ఎంత శ్రద్ధగా పాటిస్తే నగర పాలక సంస్థ అంత ఎక్కువ సామర్థ్యాన్ని సమకూర్చవలసి ఉంటుంది. నిబంధన పౌరునితో పాటు సభను కూడా బంధిస్తుంది.

నిత్యకృత్యమే నిబంధనకు ప్రాణం

ఇక్కడే సర్వసభ్య సమావేశపు సాధారణ అంశాల విలువ తెలుస్తుంది. ఒకసారి ఆమోదించిన నిబంధన తనంతట తాను నడవదు. శుద్ధి కేంద్రానికి స్థలం కేటాయింపు ఒక అంశంగా సభకు రావాలి. నిర్వహణ ఒప్పందం గడువు ముగిస్తే పొడిగింపు లేదా కొత్త టెండరు మరొక అంశం. విద్యుత్తు బిల్లులు, యంత్రాల మరమ్మతులు, కేంద్రానికి వెళ్లే రహదారి, లైసెన్సు రుసుము సవరణ, తనిఖీ సిబ్బంది నియామకం ఇవన్నీ ఎజెండాలో ఎక్కడో ఒక వరుస సంఖ్య కింద కనిపించే విషయాలే. వీటిలో ఏ ఒక్కటి వాయిదా పడినా ట్యాంకరు మళ్లీ నాలా వైపు తిరుగుతుంది.

చెత్త సేకరణలో వరంగల్ గతంలో నేర్చుకున్న పాఠం కూడా ఇదే. 2012 అక్టోబర్‌లో నగరంలో వారం రోజుల పాటు 'క్లీన్ సిటీస్ చాంపియన్‌షిప్' జరిగింది. ఇతర పట్టణాల పురపాలక సిబ్బంది కూడా ఇందులో పాల్గొన్నారు. ఇంటింటి నుండి తడి, పొడి చెత్తను వేరుగా సేకరించే విధానాన్ని నగరమంతటా ఆచరణలో పెట్టారు. ఈ ప్రయత్నం దేశవ్యాప్తంగా దృష్టిని ఆకర్షించింది. వారం రోజుల ఉత్సాహం నగరానికి దారి చూపగలదు. ఏడాదిలో మిగిలిన యాభై ఒక్క వారాలు దానిని నిలబెట్టేది ఉదయం ఐదు గంటలకు హాజరయ్యే కార్మికుడు, నడుస్తున్న ఆటో, సమయానికి అందే జీతం. వీటన్నింటికీ సభ ఆమోదమే ఆధారం.

కార్మికుని ప్రాణం

సెప్టిక్ ట్యాంకులో హైడ్రోజన్ సల్ఫైడ్, మీథేన్ వంటి వాయువులు చేరి ఉంటాయి. మూత తీసిన వెంటనే లోపలికి దిగిన వ్యక్తి క్షణాలలో స్పృహ కోల్పోవచ్చు. అతనిని రక్షించడానికి దిగిన రెండవ వ్యక్తికీ అదే ప్రమాదం. దేశంలో ఇటువంటి అనేక దుర్ఘటనలలో ఒకరి వెంట ఒకరు మరణించడానికి కారణం ఇదే.

పాకీ పనివారల నియామక నిషేధం, పునరావాస చట్టం 2013 డిసెంబర్ 6న అమలులోకి వచ్చింది. రక్షణ సామగ్రి లేకుండా మనిషిని సెప్టిక్ ట్యాంకులోకి, మురుగు కాల్వలోకి దించడం ఈ చట్టం కింద నేరం. 2014 మార్చి 27న సుప్రీంకోర్టు 1993 నుండి మురుగు పనులలో మరణించిన వారి కుటుంబాలకు రూ.10 లక్షల పరిహారం చెల్లించాలని ఆదేశించింది. 2023 అక్టోబర్ 20న ఇచ్చిన తీర్పులో ఈ మొత్తాన్ని రూ.30 లక్షలకు పెంచింది. శాశ్వత అంగవైకల్యానికి గురైన వారికి కనీసం రూ.20 లక్షలు చెల్లించాలని పేర్కొంది.

పరిహారం ప్రాణం పోయిన తరువాతి మాట. ప్రాణం పోకుండా చూసేది నగర నిబంధన. లైసెన్సు గల ట్యాంకరు, చేతి తొడుగులు, బూట్లు, ముసుగు, మనిషి దిగనవసరం లేని పీల్చే యంత్రం, శిక్షణ పొందిన సిబ్బంది ఇందులో భాగం. చట్టం ఢిల్లీలో రూపొందినా, ఒక గల్లీలో ఒక ట్యాంకు మూత తెరిచే వేళ దానిని అమలు చేయించగలిగినది స్థానిక సంస్థ మాత్రమే.

వరదలు గుర్తుచేసిన సత్యం

2020 ఆగస్టు వర్షాలకు వరంగల్, హనుమకొండలలోని పలు కాలనీలు నీటమునిగాయి. నాలాలపై ఆక్రమణల తొలగింపు ఆనాడు ప్రధాన చర్చనీయాంశమైంది. 2023 జూలై నెలాఖరు వర్షాలకు నగరం మళ్లీ జలమయమైంది. భద్రకాళి చెరువు కట్టకు గండి పడింది. వరద నీరు వీధుల్లోకి వచ్చినప్పుడు సెప్టిక్ ట్యాంకులోని మలినం, నాలాలోని మురుగు, త్రాగునీటి గొట్టం ఒకే నీటిలో కలిసిపోయే ప్రమాదం ఏర్పడుతుంది. నాలా వెడల్పు, ఇంటి అనుమతి, సెప్టిక్ ట్యాంకు నిర్మాణం సభలో వేర్వేరు అంశాలుగా కనిపించినా వరద వాటిని ఒకే అంశంగా కలిపివేస్తుంది.

నగరానికి సమగ్ర భూగర్భ డ్రైనేజీ వ్యవస్థ కొరకు రాష్ట్ర ప్రభుత్వం 2024 నవంబర్‌లో రూ.4,170 కోట్ల అంచనాతో అనుమతి ఇచ్చింది. ఇంతటి పని ఒక్క ఏడాదిలో ముగిసేది కాదు. గొట్టం ప్రతి ఇంటికి చేరే వరకు సెప్టిక్ ట్యాంకు ఉంటుంది. సెప్టిక్ ట్యాంకు ఉన్నంత కాలం 2016 నాటి నిబంధనల అవసరం తీరదు.

పౌరుల పాత్ర

మూడు లక్షలు, అంతకు మించిన జనాభా గల పట్టణ సంస్థలలో వార్డు కమిటీలు ఉండాలని రాజ్యాంగం 243-ఎస్ అధికరణం చెబుతుంది. 2019 చట్టం ప్రకారం ప్రతి వార్డులో యువత, మహిళలు, వయోవృద్ధులు, ప్రముఖ పౌరులతో నాలుగు కమిటీలు, ఒక్కొక్క దానిలో 15 మంది చొప్పున ఉండాలి. ఒక వార్డులో 60 మంది తమ వీధి సమస్యను రాతపూర్వకంగా కార్పొరేటర్ ముందు ఉంచితే అది తదుపరి ఎజెండాకు చేరే అవకాశం పెరుగుతుంది.

ముసాయిదా నిబంధనపై అభ్యంతరాలు కోరినప్పుడు స్పందించడం పౌరుల హక్కు. గడువు ముగిసిన తరువాత చేసే ఫిర్యాదు కంటే గడువులోపల రాసే ఒక్క పేజీ సూచనకు విలువ ఎక్కువ. సభ ఆమోదించిన తీర్మానాల ప్రతులను 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద కోరవచ్చు. తమ వీధికి మంజూరైన పని ఏ స్థితిలో ఉన్నదో తెలుసుకోవడానికి ఇది సులభమైన మార్గం.

ఇంటి యజమాని చేయగల పని అన్నింటికంటే చిన్నది, అన్నింటికంటే ముఖ్యమైనది. సెప్టిక్ ట్యాంకు చివరిసారి ఎప్పుడు శుభ్రం చేయించారో తేదీ రాసిపెట్టుకోవాలి. మూత మీద గచ్చు వేసి మూసివేయకూడదు. ట్యాంకరును పిలిచినప్పుడు రెండు ప్రశ్నలు అడగాలి. లైసెన్సు ఉన్నదా? ఈ వ్యర్థాన్ని ఎక్కడ దించుతారు? మనిషిని లోపలికి దించి కడిగిస్తామంటే, రేటు ఎంత తక్కువైనా అంగీకరించకూడదు.

సర్వసభ్య సమావేశం ముగిసిన తరువాత సభామందిరం ఖాళీ అవుతుంది. మినిట్స్ పుస్తకంలో 'ఆమోదించడమైనది' అనే మాట మిగులుతుంది. ఆ మాట నిజమయ్యేది మాత్రం అమ్మవారిపేట దారిలో ఒక ట్యాంకరు నాలా వైపు తిరగకుండా నేరుగా సాగినప్పుడు, దానిని నడిపిన కార్మికుడు సాయంత్రానికి క్షేమంగా ఇల్లు చేరినప్పుడు.